వెల్డర్ కోర్సు: చేతికి వచ్చేది, కాగితం మీదికి వచ్చేది

6.1 ఒక ఉక్కు ముక్క

కొన్నేళ్ల కిందట విజయనగరంలో ఒక ఆదివారం సంపర్క తరగతి ముగిసింది. అందరూ బస్సుల కోసం వెళ్లిపోతుండగా ఒక విద్యార్థి నా బల్ల దగ్గరికి వచ్చి, గుడ్డ సంచిలోంచి ఒక ఉక్కు ముక్క తీసి నా ముందు పెట్టాడు. రెండు వేళ్ల వెడల్పు, జానెడు పొడవు ఉన్న పట్టీ అది. దాన్ని గుర్రపు నాడాలా వంచారు. వంపు వెలుపలి వైపు, సరిగ్గా నడిమధ్య, అడ్డంగా ఒక చీలిక నోరు తెరుచుకుని ఉంది.

"గల్ఫ్ కంపెనీ వాళ్ల టెస్టులో ఇది పగిలింది సార్. నాకు ఐ.టి.ఐ. వెల్డర్ సర్టిఫికెట్ ఉంది. నాలుగేళ్లుగా గేట్లు, గ్రిల్లులు చేస్తన్నాను. నేను చేసిన గేటు ఒక్కటీ ఊడిపోలేదు. మరి పని రాదంటారేటి సార్?"

నేను ముప్పై ఏళ్లకు పైగా లోహశాస్త్రం బోధించాను. ఆ ముక్క ఎందుకు పగిలిందో చూడగానే చెప్పగలిగాను. అయితే అతను అడిగిన అసలు ప్రశ్న లోహం గురించి కాదు. ఏడాది చదివి, పరీక్ష పాసై, ప్రభుత్వ ముద్ర ఉన్న సర్టిఫికెట్ తెచ్చుకున్న మనిషికి పని రాదని ఒక గంట పరీక్ష ఎలా తేల్చింది అన్నది అతని ప్రశ్న. ఈ పాఠం దానికి జవాబు.

ఈ పాఠం చదివితే మీకు వెల్డింగ్ వస్తుందని నేను చెప్పను. పుస్తకం చదివి ఎవరికీ వెల్డింగ్ రాదు. ఆ చదువులో ఏమి నేర్పుతారు, నేర్చుకున్నదాన్ని ఎలా పరీక్షిస్తారు, ఏడాది సర్టిఫికెట్‌కూ ఉద్యోగ పరీక్షకూ మధ్య దూరం ఎంత అన్నవి మాత్రం వివరించగలుగుతారు. మీలో కొందరు ఐ.టి.ఐ. చేసి డిగ్రీకి వచ్చినవారు. మరికొందరు తమ్ముణ్ణో కొడుకునో అందులో చేర్చాలా వద్దా అని ఆలోచిస్తున్నవారు. ఇద్దరికీ ఇది పనికివస్తుంది.

6.2 ఈ చదువు ఎక్కడ దొరుకుతుంది

'కమ్యూనిటీ కళాశాల' అన్న మాట మీరు వినే ఉంటారు. ఈ తరహా ప్రభుత్వ కళాశాలల్లో మొదటిదిగా అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, జోలియెట్ పట్టణంలో 1901లో మొదలైన కళాశాలను చెబుతారు. అలాంటి చోట పగలు పనిచేసుకునే మనిషి సాయంత్రం వచ్చి వెల్డింగ్ నేర్చుకోవచ్చు. అదే ఆవరణలో గణితం, ఇంగ్లీషు కూడా చదువుకుని, ఆ క్రెడిట్లతో తర్వాత విశ్వవిద్యాలయంలో చేరవచ్చు. మన దేశంలో 1995లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం కమ్యూనిటీ కళాశాలను ప్రారంభించింది. తర్వాత యు.జి.సి. కూడా ఇందుకోసం పథకం తెచ్చింది. అయినా విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో నిలబడి "వెల్డింగ్ ఎక్కడ నేర్పుతారు" అని అడిగితే, ఎవరైనా చూపించేది ఐ.టి.ఐ.నే.

భారత ప్రభుత్వం 1950లో మొదలుపెట్టిన వృత్తి నిపుణుల శిక్షణ పథకం కింద ఈ పారిశ్రామిక శిక్షణ సంస్థలు నడుస్తున్నాయి. వెల్డర్ ట్రేడు ఏడాది కోర్సు. 14 ఏళ్లు నిండి, 8వ తరగతి పాసైతే చేరవచ్చు. 2022లో సవరించిన పాఠ్యప్రణాళికలో ఏడాదికి 1200 గంటలు ఉన్నాయి. అందులో 840 గంటలు పని నేర్చుకునే ప్రాక్టికల్, 240 గంటలు సిద్ధాంతం, 120 గంటలు ఉద్యోగ నైపుణ్యాలు. చివర అఖిల భారత ట్రేడ్ పరీక్ష పాసైతే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ ఇస్తారు.

ఉత్తరాంధ్రలో ఈ ట్రేడుకు గిరాకీ ఉండడానికి కారణం వెతకనక్కరలేదు. 1941లో విశాఖపట్నంలో ఓడల కర్మాగారానికి పునాది పడింది. 1966లో భారత్ హెవీ ప్లేట్ అండ్ వెస్సెల్స్ వచ్చింది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడేనాటికే ఇక్కడి కుర్రవాళ్లకు 'విశాఖలో పని' అంటే ఇనుము పని అని అర్థం. బొబ్బిలి పారిశ్రామిక వాడ, గరివిడి ఫెర్రో మిశ్రమ లోహాల కర్మాగారం, జనపనార మిల్లుల మరమ్మతులు, ఊరూరా గేట్లు, ట్రాక్టరు తొట్టెలు చేసే షాపులు ఉండనే ఉన్నాయి. ఇక సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు ఉద్దానంలో గల్ఫ్‌కు వెళ్లిన వెల్డరో ఫిట్టరో లేని వీధి తక్కువ.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. జోలియెట్ లాంటి చోట వెల్డింగ్ చదువుకూ డిగ్రీ చదువుకూ మధ్య తలుపు ఉంది. మన దగ్గర చాలాకాలం గోడే ఉంది. ఐ.టి.ఐ. వాడు చేతిపని వాడు, డిగ్రీ వాడు చదువుకున్నవాడు అన్న విభజన మన ఇళ్లలోనూ ఉంది, నిబంధనల్లోనూ ఉంది. వృత్తి శిక్షణకు కూడా క్రెడిట్లు లెక్కించాలని 2023లో జాతీయ క్రెడిట్ విధానం వచ్చింది. అది ఐ.టి.ఐ. విద్యార్థి చేతికి ఏ రూపంలో అందుతుందన్నది ఆయా విశ్వవిద్యాలయాలు ఎంత చొరవ తీసుకుంటాయన్న దాని మీద ఉంటుంది.

6.3 అతుకు లోపల ఏం జరుగుతుంది

ఇనుమును ఇనుముతో అతకడం కొత్త విద్య కాదు. మీ తాతల కాలంలో ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేసిన కమ్మరి, పట్టా రెండు కొసలనూ కొలిమిలో తెల్లగా కాల్చి, ఒకదాని మీద ఒకటి పెట్టి సమ్మెటతో కొట్టి ఏకం చేసేవాడు. అక్కడ లోహం కరగదు, మెత్తబడుతుంది. దెబ్బకు రెండూ కలిసిపోతాయి.

ఆర్క్ వెల్డింగ్‌లో కొట్టే పని లేదు. కరిగించడమే. 1880లలో రష్యన్ సామ్రాజ్యానికి చెందిన నికొలాయ్ బెనార్డోస్ కర్బన కడ్డీకీ లోహానికీ మధ్య విద్యుత్ ఆర్క్ పుట్టించి అతుకు వేసే పద్ధతికి పేటెంటు పొందాడు. 20వ శతాబ్దం మొదటి దశకంలో స్వీడన్ దేశస్థుడు ఆస్కార్ షెల్‌బెర్గ్ ఇనుప కడ్డీకి పూత పూసి వాడాడు. అతను 1904లో పెట్టిన ఈసాబ్ కంపెనీ పేరు మీరు ఈనాటికీ వెల్డింగ్ షాపుల్లో రాడ్ల పెట్టెల మీద చూడవచ్చు.

ఆ పూత ఎందుకో అర్థమైతే వెల్డింగ్ సగం అర్థమైనట్టే. షాపులో ఉండే ట్రాన్స్‌ఫార్మర్ మన కరెంటు వోల్టేజీని 70, 80 వోల్టులకు తగ్గిస్తుంది. ఆర్క్ వెలిగాక అది 20 నుంచి 30 వోల్టులకు దిగుతుంది. కానీ 3.15 మి.మీ. రాడ్డుకు సుమారు 90 నుంచి 130 ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. ఆర్క్‌లో ఉష్ణోగ్రత దాదాపు 6000 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. ఉక్కు కరగడానికి 1500 డిగ్రీలు చాలు. రాడ్డు కొస కరిగి బొట్లుబొట్లుగా కింది లోహపు మడుగులో కలుస్తుంది. అంత వేడిలో ఉన్న ఉక్కు గాలిలోని ఆక్సిజన్‌నూ నైట్రోజన్‌నూ పీల్చుకుంటే పెళుసైపోతుంది. పూత కాలి పొగలా లేచే వాయువు ఆ మడుగు చుట్టూ గాలి చేరకుండా కాపలా కాస్తుంది. కరిగిన పూత స్లాగ్ అయి పైన పెంకు కడుతుంది. చిప్పింగ్ సుత్తితో కొడితే రాలిపడే నల్ల పెంకు అదే.

పూతలో ఫెర్రోమాంగనీస్ కూడా కలుపుతారు. మాంగనీస్ ఆక్సిజన్‌ను పట్టుకుని స్లాగ్‌లోకి లాక్కుపోతుంది. మన దేశంలో మాంగనీస్ తవ్వకం 1892లో అప్పటి విశాఖపట్నం జిల్లాలోనే మొదలైంది. కోడూరు గనుల పేరు మీద ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒక శిలకు 'కోడూరైట్' అని పేరు పెట్టాడు. ఇది పరీక్షలో అడగరు. అయినా గరివిడి మీదుగా రైల్లో వెళ్లేటప్పుడు గుర్తు చేసుకోండి.

అతుకు బలం పైకి కనిపించే బీడ్ నునుపులో లేదు. రెండు పలకల అంచులూ నిజంగా కరిగి, రాడ్డు లోహంతో ఏకమయ్యాయా లేదా అన్న దాంట్లో ఉంది. అంచు కరగకుండా దాని మీద కరిగిన లోహం పరుచుకుంటే పైకి అందంగా కనిపిస్తుంది. అది అతుకు కాదు, గోడకు అంటించిన కాగితం లాంటిది. దీన్ని షాపుల్లో 'ఫ్యూజన్ పట్టలేదు' అంటారు.

6.4 శిక్షణశాలలో ఏడాది

మొదటి వారాల్లో రాడ్డు చేతికి ఇవ్వరు. ఇనుము మీద గీత గీయడం, హాక్సాతో కోయడం, ఆకురాయితో అంచు సాపు చేయడం నేర్పుతారు. తర్వాత గ్యాస్ సిలిండర్లు, కటింగ్ టార్చి. ఆ తర్వాత ఒక పలక మీద నిటారుగా బీడ్ లాగడం. అది కుదిరాక ఒకదాని మీద ఒకటి పెట్టిన పలకలు, లంబంగా నిలబెట్టిన పలకలు, అంచుకు అంచు చేర్చిన పలకలు. అప్పటిదాకా పని బల్ల మీద పడుకుని ఉంటుంది. ఆ తర్వాత పలకను నిలబెడతారు, తలపైకి ఎత్తుతారు. చివర పైపు. కార్బన్ డయాక్సైడ్ వెల్డింగ్, టిగ్ వెల్డింగ్ కూడా పాఠ్యప్రణాళికలో ఉన్నాయి.

నాకు డాక్టరేటు వచ్చిన కొత్తలో ఒక శిక్షణశాలకు ఉపన్యాసం ఇవ్వడానికి వెళ్లాను. ఆర్క్ భౌతికశాస్త్రం గురించి గంటసేపు మాట్లాడాను. తర్వాత అక్కడి శిక్షకుడు, నాకంటే పదేళ్లు పెద్దాయన, మర్యాదగా హోల్డర్ నా చేతికిచ్చి "మాస్టారూ, ఒకసారి మీరూ చూడండి" అన్నారు. రాడ్డు ముట్టించాను. అతుక్కుపోయింది. లాగాను, రాలేదు. ఎర్రగా కాలడం మొదలైంది. పిల్లలు నవ్వు ఆపుకుంటున్నారు. "గుచ్చకండి మాస్టారూ. అగ్గిపుల్ల గీసినట్టు గీసి, కొంచెం పైకి లేపండి. ఇప్పుడు చప్పుడు వినండి" అన్నారాయన. ఆరేడు రాడ్లు పాడుచేశాక ఆ చప్పుడు వినిపించింది. కాగిన నూనెలో గారెలు వేగుతున్నట్టు, ఆగకుండా, ఒకే తీరుగా. ఆర్క్ పొడవు పెరిగితే ఆ చప్పుడు పగిలి బుసలా మారుతుంది. తగ్గితే గొంతు పూడుకుపోతుంది.

ఆర్క్ పొడవు సుమారుగా రాడ్డు మందమంత ఉండాలని పుస్తకంలో ఉంటుంది. కానీ రాడ్డు క్షణక్షణం కరిగి పొట్టిదవుతుంటుంది. అంటే చెయ్యి అదే వేగంతో కిందికి దిగుతూ ఉండాలి, అదే సమయంలో అతుకు వెంట పక్కకు కదలాలి, వాలు 70, 80 డిగ్రీలు తప్పకూడదు. కంటికి నల్లద్దంలో కనిపించేది గోరంత మడుగు మాత్రమే. ఈ మూడు కదలికలూ ఆలోచించి చేసేవి కావు. సైకిలు తొక్కినట్టు చేతికి పట్టాలి. పట్టడానికి రాడ్లు కాలాలి.

అందుకే తల్లిదండ్రులెవరైనా "ఫలానా ఐ.టి.ఐ. మంచిదా సార్" అని అడిగితే నేను భవనం గురించి, ఫలితాల శాతం గురించి మాట్లాడను. అక్కడ చదివిన కుర్రవాణ్ణి పట్టుకుని, రోజుకు ఎన్ని రాడ్లు కాల్చావు, పైపు మీద ఎన్ని రోజులు చేశావు అని అడగమంటాను. రాడ్లకు, ఇనుముకు, కరెంటుకు డబ్బు ఖర్చవుతుంది. శిక్షణలో పొదుపు చేయాలనుకునేవారు మొదట కోత పెట్టేది అక్కడే. ఒక యంత్రం చుట్టూ పదిమంది నిలబడి చూస్తే 840 గంటలు రికార్డులో నిండుతాయి, చేతిలో నిండవు.

ఆగి ఆలోచించండి: మీరు చదువుతున్న డిగ్రీలో, చదివి మాత్రమే నేర్చుకోగలిగినవి ఏవి? చేస్తే తప్ప రానివి ఏవి? రెండో రకానికి మీ కోర్సులో ఎన్ని గంటలు కేటాయించారో మీ పాఠ్యప్రణాళికలో చూసి రాసుకోండి.

6.5 ముక్క ఏం చెబుతుంది

ఇప్పుడు ఆ విద్యార్థి తెచ్చిన ఉక్కు ముక్క దగ్గరికి వద్దాం.

వెల్డర్‌ను పరీక్షించేటప్పుడు అతను ఏ భంగిమలో అతుకు వేయాలో ముందే నిర్ణయిస్తారు. పలక బల్ల మీద పడుకుని ఉంటే 1జి. నిలబెట్టి అడ్డంగా వేస్తే 2జి, నిలువుగా వేస్తే 3జి, తలపైన వేస్తే 4జి. పైపును అడ్డంగా బిగించి, తిప్పకుండా చుట్టూ వేస్తే 5జి. పైపును 45 డిగ్రీల వాలులో బిగించి, తిప్పకుండా చుట్టూ వేస్తే 6జి. ఈ చివరిదాంట్లో మిగతా భంగిమలన్నీ ఒకే అతుకులో వచ్చేస్తాయి. కింద కూర్చుని మొదలుపెట్టిన మనిషి మెడ తిప్పుతూ, చెయ్యి మారుస్తూ పైకి వస్తాడు. గల్ఫ్‌లో చమురు శుద్ధి కర్మాగారాలకు, మన దగ్గర విద్యుత్ కేంద్రాలకు పైపు వెల్డర్లు కావాలంటే ఎక్కువగా అడిగేది ఇదే.

మన విద్యార్థి నాలుగేళ్లు చేసిన గేట్లు చాలావరకు బల్ల మీద పడుకోబెట్టి చేసినవి. గేటు ఊడకుండా ఉండడానికి అతుకు మొత్తం లోతుకు ఫ్యూజన్ పట్టాల్సిన పనిలేదు. పైపైన పట్టినా అది గాలికి, చేతికి నిలబడుతుంది. లోపల వాయువు ఒత్తిడితో ప్రవహించే పైపు సంగతి వేరు.

అతుకు పూర్తయ్యాక దాన్ని అడ్డంగా పట్టీలుగా కోస్తారు. ఉబ్బెత్తుగా ఉన్న బీడ్‌ను గ్రైండింగ్‌తో సాపు చేస్తారు. ఒక గుండ్రని దిమ్మె మీద పెట్టి 180 డిగ్రీలు వంచుతారు. కొన్ని పట్టీల్లో అతుకు పైభాగం వెలుపలికి వచ్చేట్టు, కొన్నింట్లో అడుగుభాగం, అంటే రూట్, వెలుపలికి వచ్చేట్టు వంచుతారు. అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సంఘం నియమావళి ప్రకారం వంపు మీద తెరుచుకున్న లోపం 3 మి.మీ. దాటకూడదు. చాలా దేశాల్లో పీడన పాత్రల పని ఈ నియమావళి మీదే నడుస్తుంది. మన విద్యార్థి ముక్కలో చీలిక పట్టీ వెడల్పంతా ఉంది. అదీ రూట్ వైపున.

చీలిక లోపల చూస్తే, చింపినట్టు గరుకుగా ఉండాల్సిన లోహం ఒక గీతలా నున్నగా ఉంది. గ్రైండింగ్ చేసిన అంచు ఆనవాలు ఇంకా కనిపిస్తోంది. అంటే ఆ అంచు అసలు కరగలేదు.

ఎందుకు కరగలేదు? పైపు రెండు ముక్కల అంచులనూ వాలుగా చెక్కి, మధ్య 60 నుంచి 75 డిగ్రీల వి ఆకారపు గాడి వచ్చేట్టు ఎదురెదురుగా పెడతారు. అడుగున 2.5 నుంచి 3 మి.మీ. సందు వదులుతారు. కదలకుండా అక్కడక్కడా టాక్ వేస్తారు. ఇక్కడే కొత్తవాడు దెబ్బతింటాడు. టాక్ చల్లారుతూ ముడుచుకుంటుంది, దాంతో సందు మూసుకుంటుంది. మొదట 3 మి.మీ. ఉన్నది చివరి టాక్ దగ్గరికి వచ్చేసరికి ఒకటిన్నర అవుతుంది. రూట్ పాస్ వేసేటప్పుడు ఆర్క్ ముందు చిన్న గుండ్రని రంధ్రం తెరుచుకోవాలి. దాన్ని కీ హోల్ అంటారు. ఆ రంధ్రం కనిపిస్తే రెండు అంచులూ కరుగుతున్నాయని గుర్తు. సందు మూసుకుంటే రంధ్రం తెరుచుకోదు. రాడ్డు లోహం పైన పరుచుకుని పోతుంది. లోపల ఏమీ జరగలేదని బయటికి తెలియదు. దాని మీద ఇంకో రెండు మూడు వరుసలు వేసి, చివర అందమైన క్యాపింగ్ వేస్తే అసలే తెలియదు.

నేను ఇదంతా చెప్పాక అతను కాసేపు ఊరుకుని, "కీ హోల్ సంగతి మా శిక్షకుడు చెప్పారు సార్. నోట్సులో రాసుకున్నాను. పైపు మీద మాత్రం చెయ్యలేదు. ఒక్క పైపు ముక్క ఉండేది, అందరం చూశాం" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

లోపల దాగిన లోపం ఎంత దూరం తీసుకుపోగలదో చెప్పడానికి లోహశాస్త్రం పాఠాల్లో ఒక ఓడను చూపిస్తాం. 1943 జనవరి 16న అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరం దగ్గర, 'షెనెక్టడీ' అనే కొత్త చమురు ఓడ రేవులో కట్టేసి ఉండగానే నడిమికి విరిగిపోయింది. తుఫాను లేదు, ఢీకొన్నదీ లేదు. రివెట్లతో కట్టిన పాత ఓడలో పగులు ఒక రేకు అంచు దగ్గర ఆగే అవకాశం ఉండేది. వెల్డింగ్ చేసిన ఓడ ఒకే ఇనుప పెంకు. చలికి పెళుసుబారే ఉక్కు, ఆకృతిలో పదునైన మూలలు, అతుకుల్లో లోపాలు కలిశాయి. పగులు ఆగడానికి చోటు దొరకలేదు. వెల్డర్‌ను ఇంత కఠినంగా పరీక్షించడం చాదస్తం కాదని విద్యార్థులకు చెప్పాల్సి వచ్చినప్పుడు నేను ఈ ఓడనే చూపించేవాణ్ణి.

ఇంకో తేడా గమనించండి. మీ డిగ్రీ పట్టా జీవితాంతం చెల్లుతుంది. పైన చెప్పిన నియమావళిలో మాత్రం, వెల్డర్ ఒక పద్ధతిలో అర్హత సంపాదించాక ఆరు నెలలు ఆ పద్ధతిలో పని చేయకపోతే ఆ అర్హత పోతుంది. మళ్లీ అతుకు వేసి చూపించాలి.

6.6 వాన, వెలుగు, పొగ

మన తీరప్రాంతంలో వెల్డర్‌కు ఒక ప్రత్యేకమైన శత్రువు ఉంది: తేమ. రాడ్డు పూత తేమను పీలుస్తుంది. ఆర్క్‌లో ఆ నీరు విడిపోయి హైడ్రోజన్ కరిగిన లోహంలోకి చేరుతుంది. కొన్నిసార్లు అతుకు చల్లారిన గంటల తర్వాత, ఎవరూ చూడనప్పుడు లోపల పగులు పుడుతుంది. అందుకే 7018 లాంటి తక్కువ హైడ్రోజన్ రాడ్లను వాడే ముందు పొయ్యిలో సుమారు 300 నుంచి 350 డిగ్రీల వద్ద గంటకు పైగా ఎండబెట్టి, వేడి డబ్బాలో పెట్టుకుని తీసుకెళ్లాలి. శ్రావణ మాసంలో పెట్టె విప్పి మూల పడేసిన రాడ్డుతో పైపు అతకడం, తడి గోడకు సున్నం వేయడం ఒకటే. అదే తేమ మనిషికీ ప్రమాదం. చెమటతో తడిసిన చేతితో, నీళ్లలో నిలబడి హోల్డర్ పట్టుకుంటే 80 వోల్టులు కూడా ప్రాణం తీయగలవు.

ఆర్క్ వెలుగులో అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. నల్లద్దం లేకుండా చూస్తే అప్పటికప్పుడు ఏమీ అనిపించదు. ఆరేడు గంటల తర్వాత, అర్ధరాత్రి, కళ్లలో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు. బంగాళదుంప ముక్కలు కళ్ల మీద పెట్టుకుని పడుకోవడం మన షాపుల్లో మామూలు. అది చల్లదనం ఇస్తుందేమో గానీ చికిత్స కాదు. కంటి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. పక్కనే నిలబడి సాయం పట్టే కుర్రవాడికీ ఇది వస్తుంది. అతనికి అద్దం ఎవరూ ఇవ్వరు.

జి.ఐ. పైపు మీద ఉండే జింకు పూత ఆర్క్‌లో ఆవిరవుతుంది. ఆ పొగ పీల్చినవాడికి సాయంత్రానికి చలి, జ్వరం వస్తాయి. మలేరియా అనుకుని మందులు వాడినవారిని నేనెరుగుదును. ముందు ఆ పూతను గ్రైండింగ్‌తో తీసేయాలి. పాలు తాగితే, బెల్లం తింటే పొగ హరించుకుపోతుందన్న నమ్మకం మన దగ్గర గట్టిగా ఉంది. పాలు పొట్టలోకి వెళ్తాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా వర్గీకరించింది. గాలి ఆడే చోట, పొగ ముఖం మీదికి రాకుండా గాలివాటం చూసుకుని కూర్చోవడం, మాస్కు వాడడం మొదటి రోజే అలవాటు కావాలి. పదేళ్ల తర్వాత నేర్చుకుంటే ఉపయోగం తక్కువ.

6.7 సర్టిఫికెట్ చేతికి వచ్చాక

జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ తలుపు దాకా తీసుకెళుతుంది. దాని తర్వాత మూడు దారులు కనిపిస్తాయి. ఒకటి 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఏదైనా కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరడం. జీతం చిన్నదని చాలామంది దీన్ని వదులుకుంటారు. నా దృష్టిలో అది పొరపాటు. ఐ.టి.ఐ.లో దొరకని పైపు, దొరకని భంగిమ, దొరకని తనిఖీదారు అక్కడ దొరుకుతారు. రెండోది బాయిలర్ల పని. 1950 నాటి భారత బాయిలర్ నిబంధనల కింద బాయిలర్ల తనిఖీ శాఖ నిర్వహించే పరీక్ష పాసైన వెల్డరే బాయిలర్‌లో పీడన భాగాలను అతకాలి. షాపుల్లో 'ఐ.బి.ఆర్. వెల్డర్' అని గౌరవంగా అనేది ఇతన్నే. మూడోది విదేశం.

విదేశం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో పొలం తాకట్టు పెట్టించేది ఇదే. 1983 నాటి వలస చట్టం కింద, పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మీద సాధారణంగా 'వలస అనుమతి అవసరం' అన్న గుర్తింపు ఉంటుంది. గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లేటప్పుడు వీరు వలసదారుల సంరక్షణాధికారి అనుమతి తీసుకోవాలి. వెల్డర్ ట్రేడులో 8వ తరగతితో చేరవచ్చని చెప్పాను కదా. అలా చేరి, పదో తరగతి ఎప్పుడూ రాయని కుర్రవాడు ఈ కోవలోకి వస్తాడు. సార్వత్రిక పాఠశాల ద్వారా పదో తరగతి పూర్తిచేస్తే ఆ గుర్తింపు తొలగించుకోవచ్చు.

చాలామంది ఆ అనుమతిని అడ్డంకిగా చూస్తారు. నిజానికి అది రక్షణ. అనుమతి ఇచ్చే ముందు ఉద్యోగ ఒప్పందం, జీతం, యజమాని వివరాలు నమోదవుతాయి. ఆ తతంగం ఎందుకు, సందర్శక వీసా మీద పంపేస్తాను అని ఏజెంటు అంటే, అక్కడికి చేరాక ఏమైనా జరిగితే అడగడానికి మీ దగ్గర కాగితమే ఉండదు. ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ సంఖ్యను ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు. సేవా రుసుముగా అతను తీసుకోదగినది 30,000 రూపాయలు, దాని మీద జి.ఎస్.టి. అంతే. లక్షల మాట వినిపిస్తే అక్కడే లేచి రావచ్చు.

మన విద్యార్థి సంగతి చెప్పి ముగిస్తాను. అతను మళ్లీ ఏ శిక్షణ సంస్థకూ డబ్బు కట్టలేదు. తను పనిచేసే షాపు యజమానిని బతిమాలి, పాత ఇనుము కొట్లోంచి పైపు ముక్కలు కొని, రాత్రి షాపు కట్టేశాక వాటిని వాలుగా బిగించి అతుకులు వేశాడు. టాక్ వేసేటప్పుడు సందులో 3 మి.మీ. తీగ వంచి పెట్టుకునేవాడు, మూసుకోకుండా. అతుకును రంపంతో కోసి, వైసులో బిగించి, సుత్తితో వంచి చూసుకునేవాడు. మొదటి నెల అన్నీ రూట్ దగ్గరే విడిపోయాయి. నాలుగో నెలలో ఒక ఆదివారం మళ్లీ సంచిలోంచి ఒక ముక్క తీశాడు. నాడాలా వంగింది, ఎక్కడా తెరుచుకోలేదు. గల్ఫ్ ఉద్యోగం అప్పటికి లేదు. విశాఖలో ఒక కాంట్రాక్టరు దగ్గర షట్‌డౌన్ పనికి, పైపు వెల్డర్‌గా, పరీక్ష పెట్టి తీసుకున్నారు. ఆ సంవత్సరం మా పేపరు మాత్రం తప్పాడు. మర్నాటి ఏడు రాసి పాసయ్యాడు.

అభ్యాసం: మీ ఊళ్లో గేట్లు, గ్రిల్లులు చేసే షాపుకు వెళ్లి, యజమాని అనుమతితో ఒక గంట కూర్చోండి. నల్లద్దం లేకుండా ఆర్క్ వైపు చూడవద్దు. ఈ కింది వాటిని గమనించి రెండు పేజీల్లో రాయండి: రాడ్లు ఎక్కడ నిల్వ చేశారు, సాయం పట్టే మనిషి కళ్లకు ఏం పెట్టుకున్నాడు, ఆర్క్ చప్పుడు ఎప్పుడు మారింది, అప్పుడు వెల్డర్ చెయ్యి ఏం చేసింది, ఆ వెల్డర్ పని ఎవరి దగ్గర, ఎన్నాళ్లకు నేర్చుకున్నాడు, పైపు మీద ఎప్పుడైనా చేశాడా. మీ సమాధాన పత్రంలో అతని పేరు రాయనక్కరలేదు.